పది లక్షల పద్దులు, ఒక్క ఆజ్ఞ: గ్రే, రాయిటర్ల గ్రంథముపై విమర్శ

జిమ్ గ్రే, ఆండ్రియాస్ రాయిటర్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు రచించిన 'ట్రాన్సాక్షన్ ప్రాసెసింగ్: కాన్సెప్ట్స్ అండ్ టెక్నిక్స్' అను గ్రంథము 1993లో వెలువడినది. ఇది వేయి పుటలకు మించిన ఉద్గ్రంథము. బ్యాంకు ఖాతాలు, టిక్కెట్లు, సరకుల నిల్వలు మొదలగు వానిని కంప్యూటర్లు తభావతు రాకుండ ఎట్లు నిర్వహించవలెనో బోధించు పుస్తకములలో దీనిది మొదటి వరుస. గ్రే అమెరికా దేశస్థుడు. ఈ రంగములోని కృషికై 1998లో ట్యూరింగ్ బహుమానము పొందెను. 2007 జనవరిలో ఒంటరిగా నావపై శాన్‌ఫ్రాన్సిస్కో నుండి సముద్రములోనికి వెడలి, తిరిగి రాలేదు. రాయిటర్ జర్మను దేశస్థుడు. లావాదేవీకి ఉండవలసిన నాలుగు గుణములకు 'ఆసిడ్' అను సంక్షిప్త నామమును 1983లో టియో హార్డర్‌తో కలిసి ఇచ్చినవాడు ఇతడే.

గ్రంథమంతటిని ఇచట సమీక్షించుట సాధ్యము కాదు. నాలుగవ అధ్యాయములోని ఒక్క సమస్యను మాత్రము తీసికొందము. ఒక బ్యాంకులో పది లక్షల ఖాతాలు కలవు. నెలాఖరున ప్రతి ఖాతాకును వడ్డీ కట్టవలెను. ఇది ఒక్క ఆజ్ఞతో జరుగదగిన పని. కాని ఆ ఒక్క ఆజ్ఞలోనే చిక్కంతయు ఉన్నది.

లావాదేవీ యొక్క మొదటి గుణము అవిభాజ్యత. అనగా పని జరిగిన సాంతము జరుగవలెను, లేనిచో అసలు జరుగనట్లే ఉండవలెను. ఒక ఖాతా నుండి మరియొక ఖాతాకు నూరు రూపాయలు మార్చునపుడు ఈ నియమము వరమే. పది లక్షల ఖాతాలను ఒకే లావాదేవీగా కట్టినపుడో? తొమ్మిది లక్షల తొంబదివేల ఖాతాలు ముగిసిన పిదప విద్యుత్తు పోయినచో, చేసినదంతయు రద్దగును. యంత్రము మరల లేచి, వ్రాసిన ప్రతి పద్దును వెనుకకు మళ్లించవలెను. అంతియే కాదు, పని జరుగుచున్నంత సేపు దిద్దబడిన ఖాతాలకు తాళములు పడియుండును. డబ్బు తీసికొన వచ్చిన ఖాతాదారుడు వేచియుండవలసినదే.

దీనికి గ్రంథకర్తలు చూపిన ఉపాయము సులభమైనది. పనిని చిన్న తునకలుగా విడదీయవలెను. తునకకు వేయి ఖాతాల చొప్పున పది లక్షలకు వేయి తునకలగును. ఒక్కొక్క తునక ఒక్కొక్క లావాదేవీ. ఏ తునక ముగిసినచో అది ఖరారగును, తాళములు తొలగును. నడుమ యంత్రమాగినచో పోవునది ఒక్క తునక శ్రమ మాత్రమే.

అయితే యంత్రము లేచిన పిదప ఎచటినుండి మొదలిడవలెను? ఈ ప్రశ్నకిచ్చిన సమాధానములోనే గ్రంథకర్తల ప్రతిభ కనబడును. ఎంతవరకు వచ్చితిమో తెలుపు అంకెను డేటాబేసులోనే ఒక ప్రత్యేక పట్టికలో వ్రాయవలెనని, దానిని గూడ వడ్డీ కట్టిన ఆ లావాదేవీలోనే దిద్దవలెనని వారు చెప్పిరి. వడ్డీని ఖరారు చేసిన తరువాత అంకెను విడిగా వ్రాసినచో, ఆ రెంటి నడుమ యంత్రమాగిన ఆ వేయి మందికి రెండుమార్లు వడ్డీ చేరును. ముందుగా వ్రాసినచో వారికి వడ్డీయే లేకపోవును. రెండును ఒకే ముడిలో ఉన్నపుడు ఈ రెండు దోషములకును చోటు లేదు. ఇంత చిన్న సూత్రమును పాటింపక చిక్కులు తెచ్చుకొను కార్యక్రమములు నేటికిని వ్రాయబడుచునే ఉన్నవి.

తునకలను ఖాతా సంఖ్యను బట్టి విడదీయుటయు మెచ్చదగినది. ఆ సంఖ్య వడ్డీ కట్టుటవలన మారదు. మారు అంకెను పట్టుకొని నడచినచో ఏమగునో 1970ల దశకములో ఐబీఎం పరిశోధకులు చూచిరి. 25 వేల డాలర్లకు తక్కువ జీతము గలవారికి నూటికి పదివంతున పెంచుమని ఆజ్ఞ ఇచ్చిరి. యంత్రము జీతముల వరుసలో ముందుకు నడచుచుండగా, పెంచబడిన ప్రతి రికార్డును అదే వరుసలో ముందుకు జరిగి మరల యంత్రమునకు ఎదురుపడినది. తుదకు 25 వేలు చేరువరకు అందరికిని మరల మరల పెంపు దొరికినది. హాలోవీన్ పండుగనాడు గమనింపబడినందున దీనికి హాలోవీన్ సమస్య అను పేరు నిలిచినది.

ఇంతవరకు గ్రంథమును ప్రశంసింపక తప్పదు. ఇక లోపముల విచారణ.

తునకలు చేయుటకు ఒక మూల్యము కలదు. ఐదువందల తునకలు ముగిసిన సమయమున బ్యాంకు మొత్తమును లెక్కకట్టినవారికి, సగము ఖాతాలలో వడ్డీ ఉండును, సగములో ఉండదు. ఆ మొత్తము నిన్నటిది కాదు, రేపటిది కాదు. మరియు నడుమ పని మానుకొనదలచినచో యంత్రము దానంతటది రద్దు చేయలేదు. ఖరారైన తునకలకు ఎదురు పద్దులు మనమే వ్రాయవలెను. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన గార్సియా మోలీనా, సేలెములు 1987లో 'సాగా' అను పేర ప్రతిపాదించినది ఈ విధానమునే: ప్రతి తునకతో బాటు దానిని సరిదిద్దు తునకను గూడ ముందే సిద్ధపరచుకొనవలెను.

ఇంతకంటె పెద్ద లోపము వేరొకటి కలదు. ఆ అధ్యాయములోని ఉదాహరణ యంతయు యంత్రమాగిపోవునను భయముమీద నిలిచినది. యంత్రము ఆగక, చెప్పినది చెప్పినట్లు చేసి, చెప్పినదే తప్పైనచో? అపుడు ఆసిడ్ గుణములు నాలుగును తప్పు పక్షముననే పనిచేయును. అవిభాజ్యత తప్పును సంపూర్ణముగా జరిపించును. వివిక్తత దానికి అడ్డురానీయదు. స్థిరత్వము దానిని చెరగకుండ కాపాడును. సంగతత్వము ముందుగా వ్రాసియుంచిన నియమములనే చూచును. ఒకరి ఖాతాకు బదులు మరియొకరి ఖాతాను దిద్దుట ఏ నియమమునకును విరుద్ధము కాదు.

ఇది ఊహ కాదు. 2022 ఏప్రిల్ 5వ తేదీన అట్లాసియన్ అను ఆస్ట్రేలియా సాఫ్ట్‌వేర్ సంస్థలో ఇట్టిదే జరిగినది. పాతబడిన ఒక ఉపకరణమును ఖాతాదారుల స్థలములనుండి తొలగించుటకు ఒక కార్యక్రమమును సిద్ధపరచిరి. పని కోరిన బృందము ఉపకరణముల గుర్తింపు సంఖ్యలకు బదులు, పూర్తి స్థలముల గుర్తింపు సంఖ్యలనే పనిచేయు బృందమునకు అందించినది. తొలగింపు ద్వారము రెండు రకముల సంఖ్యలను అంగీకరించునది, ఏ హెచ్చరికయు ఇయ్యనిది. 23 నిమిషములలో 883 స్థలములు చెరిగిపోయినవి. 775 మంది ఖాతాదారులకు సేవలు నిలిచినవి. కొందరికి అవి తిరిగి అందుటకు రెండు వారములు పట్టినది.

ఆ సంస్థ తరువాత ప్రకటించిన నివేదికలో గమనింపదగిన అంశమొకటి కలదు. ఆ కార్యక్రమమును వారు పరీక్షింపకపోలేదు. తోటివారు సరిచూచిరి. ముందుగా 30 స్థలములపై నడిపి ఫలితము సరిగా ఉన్నదని తెలిసికొనిరి. కాని ఆ 30 సంఖ్యలు పొరపాటు జరుగకముందు సేకరించినవి, సరియైనవి. సరిచూచినవారు ఏ ద్వారమును ఎట్లు పిలుచుచున్నారని చూచిరే గాని, ఆ సంఖ్యలు దేనివని చూడలేదు. పనిముట్టును పరీక్షించిరి, పట్టికను పరీక్షింపలేదు. రెండవ పట్టికలోని మొదటి పది సంఖ్యలను నడిపి, ఆగి, ఫలితమును చూచియున్నచో నష్టము పదితో ఆగెడిది. ఇది ఒక్క డేటాబేసులోని వడ్డీ లెక్క వంటిది కాదు, పలు వ్యవస్థలకు సంబంధించినది. అయినను పాఠము ఒక్కటే. తునకలు చేయుట చాలదు, తునకకు తునకకు నడుమ ఆగి చూచు నిబంధన ఉండవలెను.

గ్రే మహాశయునకు మానవుని పొరపాటు తెలియనిదా? తెలియును. టాండెమ్ కంపెనీ యంత్రముల వైఫల్యములను పరిశీలించి 1985లో అతడు వ్రాసిన నివేదికలో, నిర్వహణ లోపముల పాలు 42 శాతము, సాఫ్ట్‌వేరు లోపములు 25 శాతము, యంత్రభాగముల లోపములు 18 శాతము మాత్రమే. నూటికి నలుబది రెండు పాళ్ల ప్రమాదమును స్వయముగా లెక్కగట్టినవాడు, వడ్డీ ఉదాహరణలో దానికి చోటీయకుండుట విచారకరము.

మరియు విరుగుడు గూడ అతని రచనలలోనే కలదు. లావాదేవీ భావమును వివరించుచు 1981లో ప్రకటించిన వ్యాసములో, ఉన్న రికార్డును ఉన్నచోటనే దిద్దు అలవాటు విషఫలము కాదా యని అతడు ప్రశ్నించెను. లెక్కలు వ్రాయువారు పద్దును చెరుపరనియు, తప్పు దొరలినచో సవరణ పద్దును వ్రాయుదురనియు గుర్తుచేసెను. చిట్టా, ఆవర్జాల పరిచయముగల తెలుగు పాఠకునకు ఇది క్రొత్త విషయము కాదు. నేర్పరియగు గుమాస్తా అంకెను గీకి దిద్దడు, ఎదురు పద్దు వేయును. గీకిన అంకె క్రింద ఏమున్నదో ఎవరు చెప్పగలరు? కంప్యూటరు తొలినాళ్లలో నిల్వచేయు స్థలము ప్రియమైనందున ఈ నీతిని ప్రక్కకు నెట్టవలసి వచ్చినది. నేడు ఆ సాకు చాలవరకు చెల్లదు. అట్లాసియన్ సంస్థ గూడ తన నివేదికలో, ఇకపై వెంటనే చెరుపక, చెరుపవలసినదిగా గుర్తువేసి కొంతకాలము నిలిపి ఉంచు పద్ధతిని అన్ని వ్యవస్థలలోను నెలకొల్పుదుమని చెప్పినది.

కావున నాలుగవ అధ్యాయములోని ఉపాయమునకు నాలుగు జాగ్రత్తలు చేర్చుకొనిననే అది సంపూర్ణమగును. దిద్దుటకు ముందు, అదే షరతుతో ఎన్ని రికార్డులు దొరకునో లెక్కించి, కొన్నింటిని కంటితో చూడవలెను. పాత విలువలను వేరొక పట్టికలో దాచవలెను. ప్రతి తునకలోను దిద్దబడిన సంఖ్య ఎదురుచూచిన సంఖ్యతో సరిపోలనిచో ఖరారు చేయక ఆగవలెను. మొదటి తునక తరువాత, పని వ్రాసినవాడు గాక పని కోరినవాడు ఫలితమును చూడవలెను. వీనిలో ఏదియు కష్టమైనది కాదు. మై ఎస్‌క్యూఎల్ అను డేటాబేసులో, ఏ రికార్డులో తెలుపని దిద్దుబాటు ఆజ్ఞలను నిరాకరించు ఒక సదుపాయము కలదు. దానికి 'నేను మందమతిని' అను అర్థము వచ్చు మారుపేరు గూడ పెట్టిరి. ఆ పేరునకు సిగ్గుపడి దానిని వాడనివాడే నిజముగా మందమతి.

ఈ గ్రంథము యంత్ర నిర్మాతలకై వ్రాయబడినది గాని, గుమాస్తాలకై కాదని సమర్థింపవచ్చును. ఆ మాటలో న్యాయము కలదు. కాని పది లక్షల మంది వడ్డీని ఒక్క ఆజ్ఞతో దిద్దువాడు ఈ గ్రంథమును చదివియే ధైర్యము తెచ్చుకొనును. యంత్రమాగిన ఎట్లు లేవవలెనో ఇది అతనికి నేర్పును. తానే ఎపుడు ఆగవలెనో నేర్పదు. నాలుగవ అధ్యాయమును 1981 నాటి వ్యాసముతో కలిపి చదివినవానికి మాత్రము ఆ రెండవ విద్యయు అబ్బును.