వాక్యమునకు లింగము కలదా? : వర్జీనియా వుల్ఫు మతవిమర్శనము

లింగము శబ్దధర్మమా, అర్థధర్మమా యను విచారము వ్యాకరణశాస్త్రమున ప్రాచీనమైనది. భార్యాశబ్దము స్త్రీలింగము. అదే యర్థము గల దారశబ్దము పుంలింగము, నిత్యబహువచనాంతము. కళత్రశబ్దము నపుంసకము. ఒక్క గృహిణియే మూడు లింగములచే వ్యవహరింపబడుచున్నది. తెలుగున నిది మఱియొక తెఱగున నున్నది. 'ఆమె వచ్చుచున్నది' యను నెడ స్త్రీ యావుతోడను బండితోడను సమానమైన క్రియారూపమును గ్రహించును. 'వారు వచ్చుచున్నారు' అను బహుత్వమున పురుషులతో సమానముగ మహద్రూపమును పొందును. కావున శబ్దమందు గన్పట్టు లింగమును బట్టి వస్తుస్వభావమును నిర్ణయించుట సాహసమని వైయాకరణు లెఱుగుదురు. పదముల మాట యట్లుండగా, వాక్యమునకే లింగము కలదా? పురుషులు తీర్చిన వాక్యము స్త్రీభావమును వహింపజాలదా? ఈ ప్రశ్నమును ఇరువదవ శతాబ్దమున సూటిగా నడిగిన నవలారచయిత్రి ఆంగ్లదేశీయురాలగు వర్జీనియా వుల్ఫు (1882-1941).

ఈమె లండను నగరమున జన్మించెను. తండ్రి లెస్లీ స్టీఫెన్ ఆంగ్లదేశపు జాతీయ జీవితచరిత్ర నిఘంటువునకు ప్రథమ సంపాదకుడు. సోదరులు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చదివిరి. ఈమెయో తండ్రి పుస్తకశాలయందును, లండనులోని కింగ్సు కళాశాల స్త్రీవిభాగమునను విద్య గడించి గ్రీకు లాటినుల నభ్యసించెను. 1917లో భర్తయగు లెనార్డు వుల్ఫుతో కూడి హోగార్త్ ముద్రణాలయమును స్థాపించుటచే, ప్రకాశకుల యిచ్ఛ కొదుగక వ్రాయు వెసులుబాటు ఈమెకు కలిగినది. 1928 అక్టోబరున కేంబ్రిడ్జిలోని న్యూన్‌హామ్, గిర్టన్ స్త్రీకళాశాలలలో చేసిన యుపన్యాసములే విస్తరింపబడి 1929లో 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్', అనగా 'తనదైన గది', యను గ్రంథమైనవి. ఆంగ్లదేశమున స్త్రీలకు పురుషులతో సమానమైన యోటుహక్కు లభించినది ఆ 1928లోనే. కేంబ్రిడ్జి మాత్రము స్త్రీలకు పూర్ణపట్టము నిచ్చుటకు 1948 దాక జాగు చేసెను. నవల వ్రాయు స్త్రీకి ఏటికి 500 పౌనుల యాదాయమును, తలుపునకు తాళము గల గదియు నుండవలెననుట ఈ గ్రంథము యొక్క ప్రతిజ్ఞ.

గ్రంథమునందలి యధ్యాయము లాఱు. నాలుగవ దానియందు వాక్యవిచారము కలదు. పందొమ్మిదవ శతాబ్దారంభమున నవల వ్రాయబూనిన స్త్రీకి సిద్ధముగ దొరకిన వాక్యము పురుషులు తమ యవసరమునకు కూర్చుకొన్నదనియు, అది యామె చేతి కమరలేదనియు వుల్ఫు వాదించినది. జేన్ ఆస్టెన్ దానిని చూచి నవ్వి తనకు తగిన వాక్యమును తానే నిర్మించుకొన్నదట. అంతకు మిన్నయగు ప్రతిభ గలిగియు షార్లట్ బ్రాంటీ దానితో తొట్రుపడినదట. జార్జి ఎలియట్టునకును అదే యిక్కట్టు. అయితే ఆఱవ యధ్యాయమున ఈమెయే కోల్రిడ్జి మాట నాధారము చేసికొని, మహామనస్సు స్త్రీపురుషోభయాత్మక మనియు, వ్రాయునప్పుడు తన స్త్రీత్వమునో పుంస్త్వమునో తలచుట రచనకు మృత్యువనియు పలికినది. స్త్రీకి వేఱు వాక్యము కావలెననుట యొకటి, వ్రాయునపుడు స్త్రీత్వమును మఱవవలెననుట యొకటి. ఈ రెంటికిని పైకి విరోధము స్పష్టము.

మొదట స్త్రీవాక్యమునకు లక్షణ మేమో విచారింపవలెను. పురుషవాక్యమునకు మచ్చుగా వుల్ఫు చూపినది పందొమ్మిదవ శతాబ్దారంభమునాటి యొక సమతూకపు వాక్యము. దాని వెనుక జాన్సను, గిబ్బను మున్నగువారు నిలిచియున్నారని యామెయే చెప్పినది. ఇట్టి తూకము ఒక కాలమునకు ధర్మమే కాని పురుషజాతికి ధర్మము కాదు. ఆ తూకము లేకుండుటయే స్త్రీవాక్యలక్షణ మందుమా, జాన్సను రచనల నభిమానించి ఆ తూకమునే తన హాస్యమునకు పనిముట్టుగా చేసికొన్న జేన్ ఆస్టెనునందు అవ్యాప్తి. ఎంతదూరమైనను సాగి, మనస్సులోని సూక్ష్మసంచలనములను పట్టుటయే లక్షణ మందుమా, ఫ్రెంచి రచయితయగు ప్రూస్టునందు అతివ్యాప్తి. ఉభయథా లక్షణము నిలువదు.

ఈ చిక్కునకు పరిష్కారము వుల్ఫు రచనలందే దొరకును. 1923లో డొరొతీ రిచర్డ్‌సను నవలను సమీక్షించుచు ఈమె, ఆ రచయిత్రి స్త్రీలింగపు మానసికవాక్యమును కల్పించినదని ప్రశంసించి, వెంటనే ఒక నియమము చేర్చినది. అట్టి వాక్యములను పురుషులును వ్రాసియున్నారు. తన జాతి మనస్సులో కన్పట్టు దేనికిని గర్వపడక, వెఱవక, స్త్రీ మనస్సును వర్ణించుటకు ప్రయోగించుటచేతనే యది స్త్రీవాక్యమైనది. అనగా లింగము వాక్యరూపమున లేదు, ప్రయోగమున గలదని తాత్పర్యము.

ఈమె నవలలు దీనికి సాక్ష్యములు. 'మిసెస్ డాలొవే' (1925) నవలలో విందు చేయబోవు గృహిణి క్లారిస్సా మనస్సును, యుద్ధమునుండి మరలివచ్చి చిత్తము చెదరిన సెప్టిమస్సు మనస్సును నడపునది ఒకే తీరు వాక్యము. స్త్రీకి వేఱు, పురుషునికి వేఱు అను విభాగ మచట లేదు. 'టు ది లైట్‌హౌస్' (1927) నవల మధ్యభాగమున నింకను విచిత్రమైన ప్రయోగమున్నది. ఎనమండుగురు బిడ్డల తల్లియై, మొదటి భాగమున నింటినంతటిని తన చూపుతో నడపిన రామ్సే గృహిణి మరణము కుండలీకరణముల నడుమ నొక వాక్యమున చెప్పబడినది. అందు మొదట కర్తగా నిలిచినవాడు భర్త. అతడు చీకటి వేకువను చేతులు చాచును, ఆ చేతులు రిక్తముగ నిలుచును. భార్య మరణమునకు సమాపకక్రియ లేదు. సంస్కృతమున సతిసప్తమితో చెప్పదగినట్లు, అది భర్త రిక్తహస్తములకు లక్షకమైన యుపవాక్యముగ మాత్రమే యున్నది. వ్యాకరణముచే నది యప్రధానము. అయినను చదువరి హృదయము వాక్యప్రధానమును విడిచి ఆ యప్రధానముపైననే పడును. గృహమున భార్య భర్తృవాక్యమునకు విశేషణముగ బ్రతికినదను విషయమును వుల్ఫు ఉపన్యసింపలేదు, అన్వయముచేతనే చూపినది. పాతవాక్యమును పాఱవేయక, దాని ప్రధానాప్రధానభావమునే తన యర్థమునకు మరల్చుకొన్నది.

కావున స్త్రీత్వము వాక్యమునకు స్వభావము కాదు, ఉపాధి. జపాపుష్పసాన్నిధ్యమున స్ఫటికము ఎఱ్ఱనగునట్లు, గదియు ధనమును తీరికయు లేని బ్రతుకు వాక్యమునకు రంగు వేయును. ఇంటిపనులచే మాటిమాటికి భంగపడు స్త్రీల గ్రంథములు చిన్నవిగను చిక్కనివిగను ఉండవలెనని వుల్ఫు చెప్పినదియు ఉపాధిని గూర్చినదే. ఇట్లు గ్రహించినచో పైవిరోధము తీఱును. ఉపాధి యుండునని యెఱుగుట నాలుగవ యధ్యాయము, దానినే స్వరూపమని భ్రమింపకుండుట యాఱవ యధ్యాయము.

అయినను రెండు లోపములు మిగులుచున్నవి. బ్రాంటీ కోపము ఆమె నవలకు గంటు పెట్టినదని వుల్ఫు నిందించినది. ఉపాధియే కారణమైనచో కోపము దాని కార్యము. కార్యమును రచయిత్రిపై దోషముగ మోపుట యుక్తము కాదు. 1938లో 'త్రీ గినీస్' వ్రాయునాటికి ఆ కోపమే ఈమె గ్రంథమును నడపినది. రెండవది, ఆ 500 పౌనుల మూలము. గ్రంథమున కథ చెప్పు స్త్రీకి అవి బొంబాయిలో గుఱ్ఱముపైనుండి పడి మరణించిన మేనత్త వలన సంక్రమించినట్లు కల్పన. ఆ ధనమునకును బొంబాయికిని గల సంబంధ మెట్టిదో విచారింపక గ్రంథము సాగిపోయినది. ఒకరి గదికి మఱియెవరి శ్రమ గోడ యైనదో యను ప్రశ్న భారతీయ పాఠకునకు తోచక మానదు.

స్త్రీ వ్రాసిన గ్రంథము చేతికి రాగానే 'స్త్రీసహజమైన మార్దవము' అని మెచ్చుటయు, అది కన్పడకున్న 'స్త్రీకి తగదు' అని గర్హించుటయు విమర్శకులకు వాడుక. రెండును లింగమును చూచి యర్థమును నిర్ణయించుటయే. దారశబ్దము పుంలింగ మగుటచే భార్య పురుషుడు కానట్లే, స్త్రీ వ్రాసినంతమాత్రమున వాక్యము మృదువు కాదు. ఆ వాక్య మే యర్థమును ప్రధానముగ నిలిపినది, దేనిని ఉపవాక్యమున దాచినది, ఆ దాచుటచే నేమి సాధించినది యని చూచుటయే విమర్శకుని పని.