లోకాన్ని కాపాడే వీరుడికి మంచి దర్జీ దొరకలేదా?

సూపర్‌మాన్ బొమ్మను మొదటిసారి చూసిన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. పంట్లాం లోపల వేసుకోవలసిన నిక్కరును ఈయన పైన ఎందుకు వేసుకున్నాడు? పెద్దవాళ్లు నవ్వేసి ఊరుకుంటారు గాని, నిజానికి ఇది చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు వెతికితే కామిక్స్ పుస్తకాల్లో వీరులూ విలన్లూ అంత వింత వేషాల్లో ఎందుకు తిరుగుతారో మీకే అర్థమవుతుంది. దారిలో కాస్త భౌతికశాస్త్రం, కాస్త శరీరధర్మశాస్త్రం కూడా తగులుతాయి, భయపడకండి.

సూపర్‌మాన్ 1938లో అమెరికాలో పుట్టాడు. ఆ రోజుల్లో సర్కసుల్లో బరువులెత్తే వస్తాదులు ఒంటికి అంటుకుపోయే బిగుతు దుస్తుల మీద పొట్టి నిక్కరు తొడుక్కుని వచ్చేవారు. బలశాలి అంటే ఇలా ఉంటాడని జనం కళ్లకు అలవాటైన వేషం అది. చిత్రకారుడికి మరో సౌకర్యం కూడా ఉంది. మెడ నుంచి మడమ దాకా ఒకటే నీలం పులిమితే, చవక కాగితం మీద నడుము ఎక్కడో, కాళ్లు ఎక్కడ మొదలవుతాయో తెలియదు. మధ్యలో ఎర్ర నిక్కరు పడితే బొమ్మ స్పష్టంగా విడిపోతుంది. అంటే ఆ నిక్కరు అవసరం సూపర్‌మాన్‌ది కాదు, అచ్చుయంత్రానిదన్నమాట! 2011లో ప్రచురణకర్తలు దాన్ని తీసేశారు. 2018లో మళ్లీ తొడిగారు.

ఆనాటి అచ్చు సంగతి కొంచెం చెప్పుకోవాలి. నల్ల గీతల మధ్య రంగులు నింపడానికి ఉన్నవి మూడే సిరాలు: పసుపు, ఎరుపు, నీలం. ఒక్కొక్క సిరాను అసలు వేయకపోవడం, పావు వంతు వేయడం, సగం వేయడం, నిండుగా వేయడం, ఇలా నాలుగు మోతాదులు. నాలుగు నాలుగుల పదహారు, పదహారు నాలుగుల అరవై నాలుగు. చిత్రకారుడి ప్రపంచమంతా ఆ 64 రంగులే. అందులోనూ బూడిద రంగు పెద్ద తలనొప్పి. 1962లో హల్క్ మొదటి సంచికలో బూడిద రంగులోనే వచ్చాడు. అచ్చయ్యాక చూస్తే ఒక పేజీలో లేతగా, ఇంకో పేజీలో ముదురుగా తేలాడు. రెండో సంచికకల్లా ఆకుపచ్చగా మారిపోయాడు. కథలో ఆయన్ను మార్చినవి గామా కిరణాలు. ఆయన రంగును మార్చింది మాత్రం సిరా!

ఇదే కష్టం అంతకు ముందే ఫాంటమ్‌కు వచ్చింది. మన దేశంలో ఇంద్రజాల్ కామిక్స్ ద్వారా 1964 నుంచి తెలిసిన అడవి వీరుడు ఈయన. 1936లో లీ ఫాక్ ఈ పాత్రను సృష్టించినప్పుడు బూడిద రంగు దుస్తులు ఊహించుకున్నాడు. 1939లో ఆదివారం పత్రికల్లో రంగుల్లో అచ్చయ్యేసరికి అవి ఊదారంగు అయి కూర్చున్నాయి. పచ్చని అడవిలో ఊదారంగు మనిషి చెట్ల చాటున దాక్కుంటాడట! సరే, రంగు పాపం అచ్చువాళ్లది అనుకుందాం. మరి ఆ కుట్టుపని ఎవరిది?

మన ఒళ్లు చల్లబడేది చెమట కారడం వల్ల కాదు, అది ఆవిరి కావడం వల్ల. ఒక గ్రాము చెమట ఆవిరి కావాలంటే చర్మం నుంచి సుమారు 580 కేలరీల వేడిని పట్టుకుపోవాలి. గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే ఈ పని నెమ్మదిస్తుంది. ఉక్కపోత అంటే అదే. అటువంటి వాన అడవిలో తల నుంచి కాలి దాకా సందు లేకుండా అతుక్కున్న దుస్తులేసుకుని పరుగులు తీస్తే ఏమవుతుంది? దుండగుల దాకా అక్కర్లేదు, వడదెబ్బే ఆయన పని పడుతుంది. ఎడారి మనుషులు కూడా ఒళ్లంతా కప్పుకుంటారు కదా అని మీరు అడగవచ్చు. వాళ్లవి వదులు బట్టలు. గుడ్డకూ చర్మానికీ మధ్య గాలి ఆడుతుంది. పైగా అక్కడి గాలి పొడిగా ఉంటుంది.

బ్యాట్‌మాన్ మాత్రం రంగు విషయంలో కొంత తెలివైనవాడు. చీకట్లో తిరిగేవాడు గనుక ముదురు రంగులే వేసుకున్నాడు. 1964లో ఛాతీ మీది గబ్బిలం చుట్టూ పసుపు వలయం వచ్చి చేరింది. చీకట్లో అదొక గురిబోర్డు! దీన్ని సమర్థించుకునే ఉపాయం 1986లో ఫ్రాంక్ మిల్లర్‌కు తట్టింది. తలకు కవచం తొడగలేం, ఛాతీకి తొడగగలం, కాబట్టి శత్రువు ఛాతీకే గురిపెట్టేలా చేయాలి! ఇది నిజంగా మెచ్చుకోదగ్గ ఆలోచన. కాని 1940 నుంచి ఆయన పక్కన తిరిగే రాబిన్ సంగతేమిటి? ఎర్ర చొక్కా, ఆకుపచ్చ నిక్కరు, పసుపు కేప్, బోసి కాళ్లు. మసక చీకట్లో మన కంటికి ఎరుపు నల్లబడి కనిపిస్తుంది, ఆకుపచ్చలు మాత్రం పోల్చి చూస్తే వెలుగుతాయి. 19వ శతాబ్దంలో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే గమనించిన విషయమిది. అంటే చొక్కా దాగినా నిక్కరూ కేపూ దాగవు. గురువుగారు నీడలో, శిష్యుడు వెలుతురులో. తూటాలు ఎవరివైపు వెళతాయో చెప్పనక్కర్లేదు.

విలన్ల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. వీరులు ఎరుపు, నీలం, పసుపు ముందే పంచేసుకున్నారు గనుక వాళ్లకు తరచుగా ఊదా, ఆకుపచ్చ మిగిలాయి. వీళ్లలో నాకు జాలి కలిగించేవాడు 1962లో బ్యాట్‌మాన్‌తో తలపడిన చుక్కల మనిషి. చొక్కా మీది రంగురంగుల చుక్కలే ఆయన ఆయుధాలు. విసిరిన కొద్దీ చొక్కా ఖాళీ అవుతుంది. ఇంకా ఎన్ని మిగిలాయో శత్రువు లెక్కపెట్టుకోవచ్చు!

ఇక కేప్. మన పౌరాణిక నాటకాల్లో రాజుగారి భుజాల నుంచి వేలాడే గుడ్డ లాంటిదే ఇది. బొమ్మలో రెపరెపలాడితే వేగం కనిపిస్తుంది, అందం కనిపిస్తుంది. కాని రెపరెపలాడే గుడ్డ గాలి నిరోధాన్ని పెంచుతుంది. వేగం రెట్టింపైతే ఆ నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది. వేగంగా ఎగిరేవాడు గొంతుకు పగ్గం కట్టుకుని దాన్ని తానే వెనక్కి లాగుకుంటున్నట్టే! కామిక్స్ రచయితలకూ ఇది తెలియక కాదు. 1986లో మొదలైన వాచ్‌మెన్‌లో అలెన్ మూర్, డేవ్ గిబ్బన్స్ ఒక వీరుడి కేప్‌ను బ్యాంకు గిరగిరా తిరిగే తలుపులో ఇరికించి, అక్కడే దొంగల చేత కాల్పించేశారు. 2004లో వచ్చిన ఇన్‌క్రెడిబుల్స్ సినిమాలో దుస్తులు కుట్టే ఎడ్నా కేప్ అన్న మాటే ఒప్పుకోదు.

నవ్వులాటకు అవి సరే. కాని 1927 సెప్టెంబరు 14న ఫ్రాన్సులోని నీస్ నగరంలో ప్రసిద్ధ నర్తకి ఇసడోరా డంకన్ మెడలోని పొడవాటి పట్టు కండువా కారు చక్రంలో చిక్కుకుంది. ఆమె అక్కడికక్కడే ప్రాణాలు కోల్పోయింది. మన మోటారు సైకిళ్ల వెనుక చక్రం పక్కన కడ్డీల జాలీ బిగించి ఉంటుంది, చూశారా? 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం వెనుక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలి. వెనుక కూర్చున్నవారి చీర కొంగో, చున్నీయో అందులో చుట్టుకోకుండా అన్నమాట. ఆ నియమం రాసినవాళ్లు గుడ్డ గురించి ఆలోచించినంతగా కామిక్స్ చిత్రకారులు ఆలోచించలేదు. అయితే జాలీ చక్రం మొత్తాన్ని కప్పదు. బండెక్కే ముందు చున్నీ కొసలు ముడివేసుకోవడం మీ చేతిలో పని.

అన్నిటికన్నా అన్యాయం వీరవనితలకు జరిగింది. 1941లో వచ్చిన వండర్ ఉమన్ తూటాలను ముంజేతి కడియాలతో ఆపుతుంది. భుజాలు, చేతులు, కాళ్లు ఖాళీ. పైగా మడమ ఎత్తు బూట్లు! చిన్న లెక్క వేద్దాం. 60 కిలోల మనిషి సగం బరువు చదరపు సెంటీమీటరు మడమ మీద పడితే అక్కడ ఒత్తిడి 30 కిలోలు. నాలుగు టన్నుల ఏనుగు పాదం ఒక్కొక్కటి వెయ్యి చదరపు సెంటీమీటర్లు అనుకుంటే ఒత్తిడి ఒక్క కిలోయే. తడి నేల మీద యుద్ధమైతే ఏనుగు నడిచిపోతుంది, వీరవనిత కూరుకుపోతుంది. తరవాతి కాలంలో కొందరికి ఇనుప కవచాలు తొడిగారు గాని, ఛాతీ దగ్గర రెండు గుబ్బలుగా మలిచారు. నిజమైన కవచం మధ్యలో ఉబ్బెత్తుగా ఉండి కత్తి దెబ్బను పక్కకు జార్చేస్తుంది. ఈ కవచం దెబ్బను సరిగ్గా రొమ్ము ఎముక మీదికి దారి చూపిస్తుంది. తొడుక్కునేవారి కోసం కాక, చూసేవారి కోసం గీసిన కవచం ఇది.

ఒంటికి సరిపోయే దుస్తులు లేకపోతే కథల్లోనే కాదు, అంతరిక్షంలోనూ పని ఆగుతుంది. 2019 మార్చిలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి తొలిసారి ఇద్దరూ స్త్రీలే బయటికి వెళ్లి పనిచేయవలసి ఉంది. ఆన్ మెక్లెయిన్‌కూ క్రిస్టినా కోక్‌కూ ఇద్దరికీ మధ్యస్థ సైజు మొండెం భాగమే సరిపోయింది. వాడకానికి సిద్ధంగా ఉన్నది ఒక్కటే. మెక్లెయిన్ స్థానంలో నిక్ హేగ్ వెళ్లాడు. రెండోది సిద్ధమయ్యాక అదే ఏడాది అక్టోబరు 18న కోక్, జెసికా మీర్ కలిసి బయటికి వెళ్లారు. ఏడు గంటలకు పైగా పనిచేసి, చెడిపోయిన బ్యాటరీ చార్జింగ్ పరికరాన్ని మార్చి లోపలికి వచ్చారు.