తెల్లనివన్నీ పిండినల్లులేనా?

మా తళవాయిపురంలో నైటీలు కుట్టే మిషన్ల చప్పుడు వినిపించే పెరళ్లలోనే నాలుగు వంగ మొక్కలూ ఓ మందారమూ పెరుగుతుంటాయి. ఈ వారం పక్కింటి వదిన తన మందారం మీద తెల్లటి మైనపు కుచ్చులతో పాకుతున్న పురుగుల్ని చూసి, అవేమిటో తెలియకుండానే పంపులో మందు కలిపింది. నాకు కోపం వచ్చింది. కోసిన వంకాయ అదే పూట పొయ్యెక్కే పెరట్లో, ఏదో పురుగుకి ఏదో మందా? పేరు తెలిసేదాకా మందు ముట్టొద్దని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు.

ఆ పట్టుదల నాకు బొప్పాయి వల్ల వచ్చింది. 2008లో కోయంబత్తూరులో కనిపించిన ఓ కొత్త పిండినల్లి తమిళనాడంతా పాకింది. బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం, మందారం, దేన్నీ వదల్లేదు. ఒంటిమీది మైనం వల్ల దానికి మందు అంటేది కాదు. అది మెక్సికో వైపు జాతి అని శాస్త్రవేత్తలు తేల్చాకే దారి దొరికింది. అక్కడ దాన్ని అదుపులో పెట్టే పరాన్నజీవుల కోసం వెతికి, 2010లో ప్యూర్టోరికో నుంచి మూడు రకాల కందిరీగల్ని బెంగళూరుకి తెప్పించారు. పెంచి తోటల్లో వదిలారు. అందులో అసెరోఫాగస్ పపాయే అనే రకం, కంటికి ఆననంత చిన్నది, పిండినల్లి ఒంట్లోనే గుడ్డు పెడుతుంది. లోపల పిల్ల పెరిగేకొద్దీ నల్లి చచ్చిపోతుంది. బొప్పాయి తోటలు మళ్లీ కాపుకొచ్చాయి. పేరు తేలకపోతే ఆ కందిరీగ ఎక్కడ దొరికేది?

అయినా వదిన మందారం దగ్గర పేరుతో పనే పడలేదు. పిండినల్లి మామూలుగా కొద్ది మిల్లీమీటర్లే ఉంటుంది, మూతి కొమ్మలో గుచ్చి దాదాపు కదలకుండా ఉంటుంది. ఇవేమో సెంటీమీటరు పొడుగున్నాయి, చకచకా నడుస్తున్నాయి. ఇద్దరం చూస్తుండగానే ఒకటి పిండినల్లిని కరిచి పట్టుకుంది. కాఫీ తోటల కోసం 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చిన క్రిప్టోలీమస్ పెంకుపురుగు పిల్ల అది. నేనా మాట చెప్పేలోపే వదిన పంపు దించేసింది. పేరు అడుగుతూ నాకు ఫొటోలు పంపే పాఠకులారా, ముందు అది ఏం తింటోందో కాసేపు కూర్చుని చూడండి. పెరటికి చాలావరకు అదే చాలనిపిస్తోంది.

ఇక మిగిలింది చీమలు. పిండినల్లి కార్చే తీపి బంక కోసం అవి దానికి కాపలా కాస్తూ, తినడానికొచ్చిన పురుగుల్ని తరిమేస్తాయి. మందారం మొదట్లో నైటీ గుడ్డపీలిక చుట్టి పైన గ్రీజు పూశాం. గోడకి ఆనుకున్న కొమ్మలు కూడా కోసేయాలి, లేకపోతే అటునుంచి ఎక్కుతాయి.