ఏ ఫోన్లో ఆడావు, ఎంతసేపు ఆడావు?

సమీక్ష అనగానే తెలుగు పాఠకుడికి శుక్రవారం సినిమా గుర్తొస్తుంది, దాని కింద ఐదుకు 2.75 అన్న అంకె గుర్తొస్తుంది. ఆ అలవాటుతోనే వీడియో గేమ్ సమీక్షనూ పైనుంచి జారవిడిచి నేరుగా అంకె దగ్గర ఆగుతాం. సినిమాకైతే అది కొంతవరకు చెల్లుతుంది. మదనపల్లెలో చూసినా కుప్పంలో చూసినా అదే బొమ్మ, అదే నిడివి. గేమ్ అలా ఉండదు. ఆడేవాడి చేతివాటం, ఫోన్ సత్తువ, ఊళ్లో సిగ్నల్, జేబులో డబ్బు, ఇన్నీ కలిసి మనిషికో గేమ్ తయారవుతుంది. అందుకే సమీక్షకుడు తీర్పు చెప్పేముందు తన సంగతి చెప్పాలి. ఏ పరికరంలో ఆడాడు, ఎన్ని గంటలు ఆడాడు, అది ఏ వెర్షన్, తను కొనుక్కున్నాడా లేక కంపెనీ ఇచ్చిందా. ఈ నాలుగూ లేని సమీక్షను, ఎంత అందంగా రాసినా, నేను నమ్మను.

కుప్పం స్టేషన్లో పొద్దున్నే బెంగళూరు రైలెక్కే కుర్రాళ్లకు బంగారుపేట దాటి వెళ్లేదాకా ఫోనే తోడు. వాళ్లకు కావలసిన సమాధానాలు వేరు. నెట్ లేకుండా ఆడొచ్చా? మధ్యలో సిగ్నల్ పోతే లెవెల్ మొదటికొస్తుందా? ఆపి జేబులో పెట్టుకుని మళ్లీ తీస్తే ఆపినచోటే ఉంటుందా? ఒక చేత్తో కమ్మీ పట్టుకుని రెండో చేత్తో ఆడొచ్చా? పుంగనూరులో 4 జీబీ ర్యామ్ ఫోన్, రోజుకు 1.5 జీబీ డేటా ఉన్న పిల్లవాడి ప్రశ్నలు ఇంకోలా ఉంటాయి. స్టోర్‌లో చూపించిన సైజు ఒకటి, తెరిచాక అదనంగా దించుకోమనేది ఇంకొకటి. అరగంట ఆడాక ఫోన్ వేడెక్కి బొమ్మ తడబడటం మొదలైతే ఆ రోజు మ్యాచ్ పోయినట్టే. బెంగళూరులో ఖరీదైన ఫోన్ మీద ఆడినవాడు ‘చాలా స్మూత్‌గా ఉంది’ అంటే ఆ మాటలో అబద్ధం లేదు. కానీ అది పుంగనూరు పిల్లవాడికి పనికిరాని నిజం.

ఈ పరికరం గొడవ చిన్నదనుకుంటే 2020 డిసెంబరు గుర్తుచేసుకోవాలి. ‘సైబర్‌పంక్ 2077’ విడుదలకు ముందు సమీక్షకులకు పీసీ కాపీలు మాత్రమే అందాయి. మంచి కంప్యూటర్ల మీద ఆడి మంచి మార్కులు వేశారు. డిసెంబరు 10న గేమ్ వచ్చాక, పాత ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ ఉన్నవాళ్లు లోపాలతో సతమతమయ్యారు. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి దాన్ని తీసేసి డబ్బు వెనక్కి ఇస్తానంది. 2021 జూన్‌లో గానీ అది మళ్లీ అక్కడ కనబడలేదు. ఆ సమీక్షకులు మోసం చెయ్యలేదు, తాము చూసిందే రాశారు. ‘కన్సోల్ మీద ఎలా ఉందో మాకు చూపించలేదు’ అన్న వాక్యం మొదటి పేరాలోనే ఉండి ఉంటే ఎంతమంది డబ్బు ఆగేదో!

పరికరం గురించి చెప్పడం అయినా సులభమే. ఆట గురించి చెప్పడమే కష్టం. చాలా సమీక్షలు కథ చెబుతాయి, బొమ్మలు బాగున్నాయంటాయి, సంగీతం అదిరిందంటాయి. ఆడేవాడు అందులో ఏం చేస్తాడు, చేస్తుంటే లోపల ఏమవుతుంది అన్నది మాత్రం చెప్పవు. ఇది ఎలా చెప్పాలో మనకు బాగా తెలిసిన ఆట మీదే చూద్దాం. గుడి మంటపాల బండల మీద గీతలు చెక్కి కనిపించే పులి-మేక తీసుకోండి. ఒకరికి మూడు పులులు, ఇంకొకరికి పదిహేను మేకలు. మేకలు ఒక్కొక్కటిగా దిగుతాయి, అన్నీ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీ గడికి దూకితే పులి దాన్ని చంపినట్టు. పులులన్నిటికీ దారులు మూసేస్తే మేకలు గెలిచినట్టు.

ఇక్కడితో ఆపితే అవి నియమాలు, ఎవరైనా రాయగలరు. సమీక్షకుడి పని దీని తరవాత మొదలవుతుంది. ఆరంభంలో బండంతా ఖాళీ కాబట్టి పులికి పండగ, మేకల వాడికి ప్రతి ఎత్తూ భయమే. మేకలు దిగేకొద్దీ ఖాళీలు తరిగి భయం అటునుంచి ఇటు మారుతుంది. ఆ మారే ఘడియ కోసమే ఈ ఆట ఆడాలి. పులి ఆడేవాడికి కన్ను చురుగ్గా ఉంటే చాలు, మేకలు ఆడేవాడికి ఓపిక కావాలి. కాబట్టి నేర్చుకునేవాడికి పులులిచ్చి, తెలిసినవాడు మేకలు తీసుకోవడం మంచిది. లోపం కూడా చెప్పాలి. మేకలు మరీ ఎక్కువ పోతే మిగిలినవాటితో దారులు మూయడం కుదరదు, అయినా ఆట అక్కడ ఆగదు. ఓడిపోయానని తెలిసీ చివరిదాకా కూర్చోవాలి. ఇలాంటి సమానం కాని పోటీ వీడియో గేమ్‌లలోనూ ఉంది: 2016లో వచ్చిన ‘డెడ్ బై డేలైట్’లో ఒక హంతకుడు, నలుగురు తప్పించుకునేవాళ్లు. రెండు పక్షాలకూ బలం వేరు, పని వేరు, భయం వేరు. పులి-మేకను ఇలా విడదీసి చెప్పడం వచ్చినవాడికి ‘డెడ్ బై డేలైట్’ సమీక్ష రాయడమూ వస్తుంది.

ఇప్పుడు నాకు ఓపిక లేదు, మేకలాట విసుగు అనుకుందాం. నా సమీక్షలో ఆ విసుగూ ఉంటుంది, దానికి కారణమూ ఉంటుంది. ఓపికే ఇష్టమైన మనిషి దాన్ని చదివి ‘ఇది నా ఆటే’ అని బండ దగ్గరికి నడుస్తాడు. సమీక్ష న్యాయంగా ఉందా అని చూడటానికి నాకు తెలిసిన పరీక్ష ఇదే: రాసినవాడి తీర్పును కాదనుకున్న పాఠకుడికి కూడా అది దారి చూపించాలి. ఇష్టాయిష్టాలు లేనట్టు నటించడం న్యాయమని కొందరనుకుంటారు. నాకు అది నమ్మకంగా తోచదు. ఇష్టం ఎక్కడినుంచి వచ్చిందో బయటపెడితే చాలు.

ఉదాహరణకు, టొరంటోలోని విసాయ్ గేమ్స్ 2023లో ‘వెన్బా’ అనే చిన్న గేమ్ చేసింది. కెనడాకు వలస వెళ్లిన తమిళ కుటుంబం కథ, వంట చేస్తూ నడుస్తుంది. మరుసటి ఏడు, తయారీదారుల మొదటి గేమ్‌కు ఇచ్చే బాఫ్టా పురస్కారం దానికే దక్కింది. అందులో అమ్మ రాసిచ్చిన వంటల పుస్తకం చెరిగిపోయి ఉంటుంది, ఇడ్లీ రేకులు ఎలా పేర్చాలో మనమే ఊహించాలి. ఇడ్లీ మీద ఇడ్లీ నొక్కుకోకుండా రేకును తిప్పి పెట్టాలన్నది విదేశీ ఆటగాడికి ఒక పజిల్. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, కన్నడం వినే కుప్పం మనిషికి అది రోజూ పొద్దున చేసే పని. కాబట్టి అతను రాసే సమీక్షలో ‘సులభం’ అన్న మాటకు బరువు వేరు. ఆ సంగతి చెప్పి రాస్తే, విదేశీ సమీక్షకుడికి అందనిది అతనికి అందుతుంది. ఆ పుస్తకం ఎందుకు చెరిగింది, కొడుక్కి తమిళం ఎందుకు జారిపోతోంది అన్నది అతను లోపలినుంచి రాయగలడు.

డబ్బు సంగతికొస్తే, ఊరికే దొరికే గేమ్‌లను సమీక్షించడమే అన్నిటికన్నా కష్టం. మొదటి సాయంత్రం బహుమతులు ధారాళంగా కురుస్తాయి. తరవాత ఒకచోట బండి మొరాయిస్తుంది, డబ్బు కడితే కదులుతుంది. మొదటి సాయంత్రమే సమీక్ష రాసేస్తే ఆ చోటు కనబడదు. అది ఎన్నో లెవెల్ దగ్గర వస్తుందో, కట్టకపోతే ఎన్నాళ్లు వేచి ఉండాలో చెప్పాలి. అదృష్టం మీద తెరుచుకునే పెట్టెలుంటే ఏది ఎంత శాతం దొరుకుతుందో చూసి రాయాలి. 2017 డిసెంబరు నుంచి యాపిల్ ఆ శాతాలు చూపించమని గేమ్ కంపెనీలను అడుగుతోంది. ఫోన్లో యూపీఐ ఉన్న తల్లిదండ్రులకు ఈ ఒక్క పేరా మిగతా సమీక్షంతా కలిపినదానికన్నా విలువైనది.

సమీక్షకుడికి డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్నది ఇంకో ప్రశ్న. 2007లో అమెరికాలోని గేమ్‌స్పాట్‌లో జెఫ్ గెర్స్‌మన్ ‘కేన్ అండ్ లించ్’కు పదికి ఆరు ఇచ్చాడు. అప్పుడు ఆ సైటంతా అదే గేమ్ ప్రకటనలు. కొద్దిరోజుల్లోనే ఉద్యోగం పోయింది. ప్రకటనదారుల ఒత్తిడి కారణమని 2012లో గానీ అతను బయటికి చెప్పలేకపోయాడు. మన దగ్గర జరిగింది ఇంకా పెద్ద విషయం. 2025 మార్చిలో తెలంగాణ పోలీసులు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని నటుల మీద, యూట్యూబర్ల మీద కేసులు పెట్టారు. ఆ ఆగస్టులో డబ్బు పందేల ఆన్‌లైన్ గేమ్‌లనూ వాటి ప్రకటనలనూ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. డబ్బు తీసుకుని చెప్పిన మాటను స్నేహితుడి సలహాలా వినిపించడం ఎంత నష్టం చేస్తుందో తెలుగిళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

అంకె మీద నాకు ద్వేషమేమీ లేదు. జపాన్‌లో 1986లో మొదలైన ఫామిత్సు పత్రిక ఒకే గేమ్‌ను నలుగురి చేత ఆడించి, నలుగురి మార్కులూ విడివిడిగా వేస్తుంది. ఒకరు 9, ఒకరు 6 ఇచ్చారంటే ఆ తేడాయే మనకు సమాచారం. అన్నిటినీ కలిపి సగటు చేసినప్పుడే చిక్కు. 2010 నాటి ‘ఫాల్అవుట్: న్యూ వెగాస్’కు, సమీక్షల మార్కులను సగటు చేసే మెటాక్రిటిక్ సైటులో 85 వస్తే దాన్ని తయారుచేసినవాళ్లకు బోనస్ అన్న ఒప్పందం ఉండింది. సగటు 84 వచ్చింది, బోనస్ రాలేదు.

తయారుచేసేవాళ్ల మాట వచ్చింది కాబట్టి, మనవాళ్ల గేమ్‌ల విషయంలో మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి. హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ విడుదల చేసింది. చచ్చిన ప్రతిసారీ మొదటినుంచి ఆడాలి, ప్రతిసారీ నేర్చుకోగలిగే విద్యల పటం మారిపోతుంది. ఇలాంటిదాన్ని ‘మనవాళ్లు చేశారు, ఆదరించండి’ అని రాస్తే పొగిడినట్టే గానీ సమీక్షించినట్టు కాదు. మారే పటం వల్ల ప్రతి ఆటా కొత్తగా ఉందా, లేక చేతికి అలవాటైన విద్య దొరక్క చికాకు పుడుతోందా అని పది సార్లు చచ్చి చూసి రాయాలి. మదనపల్లె, కుప్పం ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇవాళ ప్రాజెక్టు కింద చిన్న గేమ్ చేసే విద్యార్థికి చప్పట్లు ఎలాగూ దొరుకుతాయి. అతనికి దొరకనిది ఒక వాక్యం: ‘దూకే బటనూ కొట్టే బటనూ పక్కపక్కనే ఉన్నాయి, చిన్న తెర మీద నా బొటనవేలు మూడుసార్లలో ఒకసారి తప్పుతోంది.’ ఆ రాత్రికే అతను బటన్ జరపగలడు.