వద్దన్న అక్షరం ఏదీ?

చాదర్‌ఘాట్ వంతెన దాటి సుల్తాన్ బజార్ చేరితే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. 1901 నుంచి హైదరాబాద్‌లో తెలుగు పుస్తకానికి పెద్దదిక్కైన గ్రంథాలయం. ఆదివారమైతే మరికాస్త ముందుకెళ్లి ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల గుట్టల ముందు కూర్చుంటాను. రెండుచోట్లా నేను వెతికేది ఒకటే: అవధానం పుస్తకాలు.

అవధానాన్ని పాతకాలపు పాండిత్య ప్రదర్శన అని తీసిపారేస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంతకన్నా సాహసమైన ప్రయోగం ఏ రంగస్థలం మీద ఉంది? అవధాని చేతిలో కాగితం ఉండదు, కలం ఉండదు. అష్టావధానమైతే చుట్టూ ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిదిమంది. వినడానికి రావలసినవాళ్లే వేదికెక్కి పద్యానికి అడ్డంపడతారు, ఆ అడ్డంకిలోంచే పద్యం పుడుతుంది. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి ఒక్కో ఆవృత్తంలో ఒక్కో పాదం చొప్పున నడుస్తాయి. మధ్యలో గంట ఎన్నిసార్లు మోగిందో లెక్క తప్పకూడదు. అప్రస్తుత ప్రసంగి చిలిపి ప్రశ్నకు సభ నవ్వేలా జవాబు చెప్పాలి. చివర ధారణ: అన్ని పద్యాలూ తడుముకోకుండా అప్పజెప్పాలి.

నిషిద్ధాక్షరి చూడండి. ఉదాహరణ నేనే కూరుస్తాను. సరస్వతిని కందంలో స్తుతించమన్నారు. అవధాని 'శ్రీ' అన్నాడు. 'శ్రీవాణి' అంటాడేమోనని పృచ్ఛకుడు తర్వాతి అక్షరంగా 'వ' వద్దన్నాడు. అవధాని 'శా' అన్నాడు. 'శారద' వస్తోందని పసిగట్టి 'ర' మీద నిషేధం. అవధాని తొణకడు, 'ది' అంటాడు. 'శ్రీశాదివినుత' అయింది: శ్రీశుడు, అంటే విష్ణువు, మొదలైనవారు కొలిచే తల్లి. గణాలు సరిపోయాయి. ఈలోగా 'శ' ప్రాసాక్షరమై కూర్చుంది, మిగతా మూడు పాదాలూ దానికి కట్టుబడాల్సిందే. ఇంత యుద్ధమూ అరనిమిషంలో జరిగిపోతుంది.

దత్తపదిలో 'కారు, టీ, పెన్ను, కప్పు' ఇచ్చి ఖాండవ దహనం చెప్పమన్నారనుకోండి. కారు 'కారుచిచ్చు'లో కలిసిపోతుంది. టీ 'పోటీ'లో దూరుతుంది. పెన్ను, అర్జునుడికి కృష్ణుడు 'పెన్నుద్ది' కావడంలో ఒదిగిపోతుంది. ఇంద్రుడి వానను అడ్డుకున్న బాణాల పందిరే కప్పు. ఆ మాటలు ఎదుటివాడు విసిరినవని తెలిస్తేనే ఈ నేర్పు నేర్పు.

ఈ విద్యను ఊరూరా ఊపినవారు తిరుపతి వేంకట కవులు, దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి. గద్వాల, ఆత్మకూరు సంస్థానాల దాకా వచ్చారు. సభల్లో పుట్టిన పద్యాలను 'శతావధాన సారము'గా, తిరిగిన ఆస్థానాల ముచ్చట్లను 'నానారాజ సందర్శనము'గా అచ్చులోకి తెచ్చారు. కొప్పరపు సోదర కవుల ఆశువేగం అసాధారణం, కాదనను. ఆ రెండు జంటల మధ్య నడిచిన వాదానికి 'గుంటూరు సీమ' పుస్తకం సాక్ష్యం. నేను మాత్రం జంకు లేకుండా తిరుపతి వేంకట కవుల పక్షమే. జంటలో ఒకరు పోయాక కూడా చెళ్లపిళ్లవారు ఇద్దరి పేరుతోనే రాశారు, ఆ స్నేహానికి నా దండం.

తర్వాతి కాలంలో ప్రొద్దుటూరి సి.వి. సుబ్బన్న శతావధాని, 2021లో పద్మశ్రీ అందుకున్న ఆశావాది ప్రకాశరావు, 2022లో అందుకున్న గరికిపాటి నరసింహారావు, సహస్రావధానాలు చేసిన మాడుగుల నాగఫణిశర్మ, మేడసాని మోహన్ ఈ దీపాన్ని ఆరనివ్వలేదు. రాపాక ఏకాంబరాచార్యులుగారి 'అవధాన విద్యా సర్వస్వము' ఒక మనిషి ఓపికకు కొలమానం.

అయినా నా బాధ తీరలేదు. పుస్తకం తెరిస్తే పద్యం ఉంటుంది. 'శ్రీశాదివినుత' కనిపిస్తుంది. వద్దన్న 'వ', 'ర' కనిపించవు. ఆ అక్షరాలు లేకపోతే అది మామూలు స్తుతి పద్యం. పృచ్ఛకుడి పేరు ఉండదు, అవధాని ఎక్కడ ఆగాడో ఉండదు, సభ ఎక్కడ చప్పట్లు కొట్టిందో ఉండదు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు 1934లో సురవరం ప్రతాపరెడ్డిగారు 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి జవాబిచ్చిన నగరం ఇది. పేర్లు అచ్చులో ఉండటం ఎంత బలమో మనకు ఒకరు చెప్పాలా?

ఇప్పుడు వచ్చే పుస్తకాలు కొన్ని చూస్తే కడుపు రగులుతుంది. సన్మానాల ఫొటోలు, శాలువాలు, అభినందన పత్రాలు సగం, పద్యాలు సగం. ఒక సభలో నా పక్కనే కూర్చున్న పృచ్ఛకుడి కాగితం మీద సమస్యతోపాటు దాని పూరణ కూడా ముందే రాసి ఉండటం చూశాను. సభ చప్పట్లు కొట్టింది, నేను లేచి బయటికి వచ్చేశాను. అది దొంగసొమ్ము. ఇక ఫోన్లలో తిరిగే ముక్కలు: అప్రస్తుత ప్రసంగంలోని రెండు చమత్కారాలు కత్తిరించి పెట్టి అదే అవధానమంటున్నారు. పద్యం ఏదీ? ధారణ ఏదీ?

నాంపల్లిలోనో బొగ్గులకుంటలోనో ఈసారి అవధానం జరిగితే వెళ్లండి. ఒక నోటుపుస్తకం పట్టుకెళ్లండి. నిషిద్ధాక్షరి మొదలవగానే అవధాని పలికిన ప్రతి అక్షరం కింద పృచ్ఛకుడు వద్దన్న అక్షరం రాయండి, పక్కన ఆ పృచ్ఛకుడి పేరు రాయండి. సభ అయ్యాక ఆ పుస్తకం ఇంటి అటక మీద పడేయకండి, భాషానిలయానికి తెచ్చి ఇవ్వండి.