అతుకు కనిపించని గొంతు

సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ హైదరాబాద్ బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఆగిన కార్లలోనూ, రాయదుర్గం మెట్రో ఎక్కినవాళ్ల ఇయర్‌ఫోన్లలోనూ కొన్నేళ్లుగా తరచూ మోగుతున్న గొంతు సిద్ శ్రీరామ్‌ది. 2018లో ‘గీత గోవిందం’ కోసం గోపీసుందర్ స్వరపరచిన ‘ఇంకేం ఇంకేం కావాలే’తో ఆయన సైబరాబాద్ కుర్రకారుకు సొంతమనిషైపోయారు. అంతగా ఇష్టపడుతున్న ఆ గొంతులోని పనితనాన్ని కాస్త నిదానంగా వినాలి.

1990లో చెన్నైలో పుట్టిన సిద్, పసితనంలోనే కుటుంబంతో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ చేరారు. అమ్మ లత కర్ణాటక సంగీత గురువు. తొలి పాఠాలు ఆమె దగ్గరే. ఆ తర్వాత బోస్టన్‌లో, జాజ్ బడిగా మొదలై పేరు తెచ్చుకున్న బర్క్‌లీ కళాశాలలో చదివి 2012లో పట్టా పుచ్చుకున్నారు. మరుసటి ఏడాది విడుదలైన ‘కడల్’లో రెహమాన్ ఆయనతో ‘అడియే’ పాడించారు. అమెరికా నల్లజాతివారి చర్చి పాటల ఒరవడిలో సాగే పాట అది.

ఇక పనితనం సంగతి. కర్ణాటక గమకంలో స్వరం పక్క స్వరాన్ని తాకి వస్తూ ఊగుతుంది. అమెరికా రిథమ్ అండ్ బ్లూస్ (ఆర్ అండ్ బీ) గాయకులు వేసే ‘రన్’లో స్వరాలు మెట్ల మీద పరుగెత్తినట్టు విడివిడిగా, వేగంగా దిగుతాయి. రెండింటికీ గొంతును వేర్వేరుగా మలచుకోవాలి. తమన్ బాణీలో, సిరివెన్నెల రచనలో వచ్చిన ‘సామజవరగమన’ వినండి. పల్లవిని గొంతు పెంచకుండా, పక్కనున్న మనిషితో చెబుతున్నట్టు అందుకుంటారు. పాదం చివర స్వరం సన్నగా జారుతుంది. ఆ జారుడులో గమకం ఎక్కడ ఆగిందో, రన్ ఎక్కడ మొదలైందో పట్టుకోవడం కష్టం.

ఆ పనితనంలో రెండోది కాలం మీద పట్టు. మాట తాళం దెబ్బ మీదే పడటం మన చెవికి అలవాటు. జాజ్ గాయకులు దాన్ని వెంట్రుకవాసి వెనక్కి లాగుతారు. సిద్ పాటల్లో ఆ సాగదీత తరచూ వినిపిస్తుంది. అయినా లయ చెదరదు.

2021లో ‘పుష్ప’ విడుదలకు ముందు జరిగిన వేడుకలో ఆయన ‘శ్రీవల్లి’ని వాయిద్యాలు లేకుండా ఎత్తుకున్నారు. వాయిద్యాలు ఎప్పుడు అందుకుంటాయా అని ఎదురుచూస్తూ ఆ పాటలోనే మునిగిపోయానని అల్లు అర్జున్ తర్వాత రాశారు. తోడు లేకుండా వేదిక మీద శ్రుతి నిలిపి పాడటం ఏళ్ల సాధన మీదే సాధ్యం.

తెలుగు ఉచ్చారణ మీద శ్రోతలు చేసే ఫిర్యాదులో న్యాయముంది. అక్కడ ఆయన ఇంకా శ్రమించాలి. కానీ 2023లో ‘సిద్ధార్థ్’ పేరుతో ఇంగ్లిష్ ఆల్బమ్ చేసి, 2024లో కోచెల్లా వేదికెక్కిన తర్వాత కూడా మద్రాసు కచేరీలను వదలని మనిషి నేర్చుకోవడం మానడు.

‘అడియే’, ‘సామజవరగమన’, ‘శ్రీవల్లి’... ఈ మూడింటినీ కూర్చున్న పట్టున, వరసగా వినండి. మన కాలపు సినిమా పాటలో రెండు సంప్రదాయాలను ఇంత నిజాయితీగా కలిపిన గొంతులు అరుదు.