ఎడమ పేజీ, కుడి పేజీ

జుంపా లాహిరి ‘ఇన్ అదర్ వర్డ్స్’ తెరవగానే ఎడమ పేజీలో ఇటాలియన్, కుడి పేజీలో ఇంగ్లీషు కనిపిస్తాయి. ఇటాలియన్ ఆమెది. ఇంగ్లీషు ఆమెది కాదు. ఇంగ్లీషులో రాసి పులిట్జర్ తెచ్చుకున్న మనిషి, తన పుస్తకాన్ని తనే ఇంగ్లీషులోకి తెచ్చుకోనని చెప్పి ఆ పని ఆన్ గోల్డ్‌స్టీన్‌కి అప్పగించింది. తనే చేస్తే చెయ్యి ఊరుకోదని, తడబడుతూ రాసిన వాక్యాల్ని ఇంగ్లీషులో సాపు చేసేస్తానని ఆమె భయం. ఆ తడబాటును దాచకపోవడం వల్లే నాకీ పుస్తకం మీద గౌరవం. అయినా మూడుసార్లు చదివాక కూడా దీనితో పూర్తిగా రాజీ పడలేకపోతున్నాను.

కథ చిన్నదే. 1994లో చెల్లెలితో కలిసి ఫ్లోరెన్స్ చూడ్డానికి వెళ్తూ ఒక జేబు నిఘంటువు కొనుక్కుంది. అక్కడ చెవిన పడ్డ భాష మీద మనసు పడింది. అమ్మానాన్నల భాష కాదు, ఉద్యోగానికి పనికొచ్చేదీ కాదు, పెళ్ళివల్ల వచ్చిందీ కాదు. ఇరవై ఏళ్ళ దాకా ముక్కుతూ మూలుగుతూ నేర్చుకుని, 2012లో సంసారాన్ని రోముకి తరలించింది. అంతకు ముందు కొన్ని నెలలు ఇంగ్లీషు చదవడమే మానేసింది. 2015లో ‘ఇన్ ఆల్త్రె పరోలె’ వచ్చింది.

ప్రపంచ భాషల మీద ఆసక్తి అనగానే మనకి ఎన్ని భాషలొచ్చు అన్న లెక్క ముందు గుర్తొస్తుంది. పద్నాలుగు భాషల పండితుడు అంటే చేతులెత్తి దణ్ణం పెడతాం. లాహిరి దగ్గర ఆ లెక్క లేదు. ఒక్క భాష, అదీ సగం సగం. తెలియని మాటల్ని నోట్‌బుక్కులో రాసుకోవడం, మర్చిపోవడం, మళ్ళీ రాసుకోవడం. భూతకాలంలో రెండు రూపాల మధ్య ఎప్పుడు ఏది వాడాలో తేలక ఆమె పడే అవస్థ ఒక అధ్యాయం. వ్యాకరణం మీద ఇంత ఉత్కంఠగా రాయొచ్చని నాకు తెలీదు. పరాయి భాష నేర్చుకున్నవాళ్ళెవరైనా ఆ పేజీల దగ్గర నవ్వుకుంటారు.

నా ఫిర్యాదు ఉపమానాల గురించి. సరస్సు ఈదటం, వంతెనలు, గోడ, కట్టడానికి కట్టే సారువ, తల్లీ సవతి తల్లీ, చివరికి ఓవిడ్ చెప్పిన డాఫ్నే చెట్టుగా మారిన కథ కూడా. ప్రతి అధ్యాయానికీ ఒక బొమ్మ. కొన్ని బాగున్నాయి. అన్నీ కలిసేసరికి భాష ఒక వస్తువై, మాట్లాడే మనుషులు మాయమైపోయారు. రోములో కూరగాయలమ్మే ఆవిడ ఎలా తిడుతుంది? పక్కింటాయన ఏం వంట చేస్తాడు? ఈ పుస్తకంలో దొరకదు. ఇటాలియన్ మీద ప్రేమ కనిపించినంతగా ఇటాలియన్లు కనిపించరు.

‘గోడ’ అన్న అధ్యాయం మాత్రం మినహాయింపు. సలెర్నోలో ఒక బట్టల షాపు. అమ్మాయితో లాహిరి చక్కటి ఇటాలియన్‌లో మాట్లాడుతుంది. తర్వాత భర్త వచ్చి నాలుగు ముక్కలంటాడు. ఆయన భాష ఈవిడంత గట్టిది కాదు, స్పానిష్ సాయంతో నెట్టుకొస్తాడు. కానీ పేరు అల్బెర్తో, రంగూ రూపూ సరిపోతాయి. షాపమ్మాయి మెచ్చుకున్నది ఆయన్ని. ఇరవై ఏళ్ళ శ్రమ ముఖం చూడగానే కొట్టుకుపోయింది. అక్కడితో ఆగితే ఇది జాతివివక్ష కథ అయ్యేది. కలకత్తాలో కూడా తనకి బెంగాలీ అంతగా రాదనే జనం అనుకుంటారని ఆమె చెప్పడంతో కథ లోతెక్కుతుంది.

నా లెక్కలో ఈ పుస్తకం అసలు విషయం ఇటాలియన్ కాదు, ఆ బెంగాలీ. ఇంట్లో మాట్లాడే భాష. సరిగా చదవడం, రాయడం రాని భాష. దాని ముందు ఎప్పుడూ తప్పు చేసినట్టు ఉండటం, ఇంగ్లీషు ముందు ఎప్పుడూ పరీక్ష రాస్తున్నట్టు ఉండటం. ఏ బాకీ లేని మూడో భాషలోకి వెళ్ళి ఊపిరి పీల్చుకుంది. అర్థమైంది. కానీ ఆ బాకీ సంగతేమిటన్న ప్రశ్న దగ్గరికి వచ్చి, ప్రతిసారీ ఇంకో ఉపమానంలోకి జారుకుంటుంది.

ఇది ఆమెని అడుగుతున్నానా, నన్నే అడుక్కుంటున్నానా అని అనుమానం. సికింద్రాబాదులో పెరిగాను. ఉర్దూ మాట్లాడతాను, బేరాలు చేస్తాను, జోకులకి నవ్వుతాను. దుకాణం బోర్డు మీద రాసింది చదవలేను. నలభై దాటాక ఫోన్‌లో ఇటాలియన్ మొదలుపెట్టి రెండేళ్ళు కూచున్నానుగానీ, వీధి చివరి లిపి నేర్చుకోవాలన్న బుద్ధి పుట్టలేదు. దూరపు భాష ముద్దుగా ఉంటుంది. అది మనల్ని ఏమీ అడగదు కదా.

లాహిరి అభిమానంగా తలుచుకునే అగోతా క్రిస్తోఫ్ వేరే దారి మనిషి. 1956లో హంగరీ నుంచి పారిపోయి స్విట్జర్లాండు చేరింది, గడియారాల ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఫ్రెంచి నేర్చుకుంది. ఆమెకి ఫ్రెంచి శత్రువు, తన మాతృభాషని చంపేస్తున్న భాష. ఇద్దర్నీ పక్కపక్కన పెడితే లాహిరి ప్రేమ కాస్త విలాసంగా కనిపిస్తుంది. విలాసం అన్నది తిట్టు కాదు. మదనపల్లె ఆరోగ్యవరంలో క్షయకి వైద్యం చేయించుకుంటూ చక్రపాణి బెంగాలీ నేర్చుకున్నదీ అవసరంకొద్దీ కాదు. ఆ తీరిక వల్లే శరత్ తెలుగువాళ్ళ ఇంటిమనిషయ్యాడు.

లాహిరి కూడా అటువైపు నడిచింది. దొమేనికో స్తర్నోనే నవల ‘లచ్చి’ని ‘టైస్’గా 2017లో ఇంగ్లీషు చేసింది. 2018లో ఇటాలియన్‌లో ‘దోవె మి త్రోవో’ నవల రాసి, దాన్ని తనే ‘వేర్‌అబౌట్స్’ పేరుతో అనువదించింది. ఒకప్పుడు వద్దన్న పనే. ఆ నవల్లో పేరు లేని ఊరు, పేరు లేని ఆడమనిషి, చిన్న చిన్న చోట్లు. ఉపమానాలు తగ్గాయి, మనుషులు వచ్చారు. నా మటుకు అది దీనికన్నా మంచి పుస్తకం. ముందు దీన్ని చదివితే అది ఎలా వచ్చిందో తెలుస్తుంది.

మూడోసారి చదివినప్పుడు కుడి పేజీని అట్టముక్కతో మూసి, ఎడమ పేజీనే చదవడానికి ప్రయత్నించాను. రెండు అధ్యాయాలు వెళ్ళగలిగాను. ఆ అట్టముక్క మీద మా వీధి మెడికల్ షాపు పేరు ఉర్దూలో కూడా అచ్చయి ఉంది. మొదటి అక్షరం పోల్చుకున్నాను.